సర్వర్‌లో ఎవరి పెట్టె వారిది

ఈమధ్య చిన్న చిన్న ఆఫీసుల్లో ఒక మాట తరచుగా వినిపిస్తోంది. "మొత్తం సర్వర్ మీద పెట్టేశామండీ, ఇంట్లో కూర్చుని కూడా పని చేసుకోవచ్చు." ఆడిటర్ల ఆఫీసుల్లో ఈ మాట వింటాం. రైస్ మిల్లుల్లో వింటాం. డీటీపీ సెంటర్లలోనూ వింటాం. మాట నిజమే. పదిమందికి పది ఖరీదైన కంప్యూటర్లు కొనక్కర్లేదు. బ్యాకప్ ఒక్కచోట తీస్తే చాలు. ఒకరి మెషీన్ మొరాయిస్తే పక్క సీట్లో కూర్చుని పని కానివ్వొచ్చు.

అయితే ఆ సర్వర్ పెట్టిన మొదటి వారంలోనే ఇంకో రకం మాటలు మొదలవుతాయి. "నాకు పనిచేస్తోంది సార్, ఆయనకే పనిచెయ్యట్లేదు." "పొద్దున నేను పెట్టుకున్న ప్రింటర్‌ని మధ్యాహ్నానికి ఎవరో మార్చేశారు." "ప్రోగ్రామ్ ఇప్పటికే తెరిచి ఉందంటోంది, నేనింకా తెరవనే లేదు!"

వినడానికి ఇవి మూడు వేరు వేరు జబ్బుల్లా ఉంటాయి. మూలం ఒక్కటే. ఒక్క మనిషి కోసం రాసిన సాఫ్ట్‌వేర్‌ని తీసుకొచ్చి పదిమంది వాడే యంత్రంలో పెట్టారు. దాన్ని దారికి తెచ్చుకోవడం ఎలాగన్నదే ఈరోజు ప్రసంగం.

ముందు ఈ ఉమ్మడి సర్వర్ సంగతి కాస్త స్పష్టంగా చూద్దాం. చాలామంది దీన్ని ఫైళ్లు దాచుకునే సర్వర్ అనుకుంటారు. అది వేరు. అక్కడ ఫైలు మాత్రమే సర్వర్‌లో ఉంటుంది, ప్రోగ్రామ్ మీ బల్ల మీది కంప్యూటర్‌లోనే నడుస్తుంది. మనం మాట్లాడుకునే దాంట్లో ప్రోగ్రామ్ కూడా సర్వర్‌లోనే నడుస్తుంది. మీ బల్ల మీదికి వచ్చేది తెర బొమ్మ ఒక్కటే. మీరు కీ నొక్కితే ఆ నొక్కుడు సర్వర్‌కి వెళ్తుంది. అక్షరం అక్కడ పడుతుంది, దాని బొమ్మ మీ తెర మీదికి వస్తుంది. ఇలా లాగిన్ అయిన ప్రతి మనిషికీ సర్వర్ ఒక విడి చోటు ఇస్తుంది. దాన్ని సెషన్ అంటారు. పదిమంది లాగిన్ అయితే పది సెషన్లు. యంత్రం మటుకు ఒక్కటే.

దీన్ని ఒక హాస్టల్ అనుకోండి. మనలో చాలామంది హాస్టల్లో ఉండి చదువుకున్నవాళ్లమే. గది ఉమ్మడి. మెస్ ఉమ్మడి. మెస్‌లో గుండిగలు, గరిటెలు అందరివీ. కానీ ప్రతి కుర్రాడికీ ఒక ట్రంకు పెట్టె ఉంటుంది. బట్టలు, దువ్వెన, ఇంటి నుంచి వచ్చిన ఉత్తరాలు, ఆవకాయ సీసా, అన్నీ ఆ పెట్టెలోనే. దానికి తాళం కూడా ఉంటుంది. ఇక మెస్ స్టోరు తాళంచెవి వార్డెన్ దగ్గరే ఉంటుంది. హాస్టల్ సజావుగా నడవడానికి ఈ మూడూ చాలు. అందరివీ అందరి చోట. ఎవరివి వాళ్ల పెట్టెలో. స్టోరు తాళం వార్డెన్ దగ్గర.

ఇప్పుడు ఇంట్లో ఒక్కడే కొడుకుగా పెరిగిన పిల్లవాణ్ణి తెచ్చి ఈ హాస్టల్లో చేర్చండి. దువ్వెన కిటికీ గట్టు మీద పెడతాడు. తువ్వాలు ఎక్కడ పడితే అక్కడ ఆరేస్తాడు. వంటింట్లోకి తిన్నగా వెళ్లి డబ్బా మూత తీస్తాడు. తప్పు వాడిది కూడా కాదు. వాళ్లింట్లో అలాగే జరిగేది. డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్ సరిగ్గా ఇలాంటి పిల్లవాడే.

నిజానికి ఒక కంప్యూటర్‌ని పదిమంది పంచుకోవడం కొత్త సంగతేమీ కాదు. 1961లోనే అమెరికాలో ఎంఐటీలో ఫెర్నాండో కోర్బాటో బృందం సీటీఎస్ఎస్ అనే పద్ధతిలో చేసి చూపించింది. ఒకే పెద్ద యంత్రం, దానికి చాలామంది. ఒకరి ఫైళ్లు ఇంకొకరు చూడకుండా అప్పుడే పాస్‌వర్డ్ పెట్టారు. మనం ఇవాళ రోజుకు పదిసార్లు కొట్టే పాస్‌వర్డ్, పెట్టెకి తాళం కావాలన్న అవసరంలోంచి వచ్చిందన్నమాట! ఆ తర్వాత వచ్చిన యూనిక్స్, దాని దారిలో వచ్చిన లినక్స్, మొదట్నుంచీ హాస్టల్ పద్ధతిలోనే పెరిగాయి. ప్రతి మనిషికీ హోమ్ అనే ఫోల్డరు, ఆ మనిషి సెట్టింగులన్నీ అందులోనే.

విండోస్ కథ వేరు. బల్ల మీది పీసీ ఒక్క మనిషిది. ఆ రోజుల్లో విండోస్ ప్రోగ్రామ్ రాసినవాళ్లు సెట్టింగుల ఫైలుని నేరుగా విండోస్ ఫోల్డర్లోనో, ప్రోగ్రామ్ పక్కనో పడేసేవాళ్లు. ఐఎన్ఐ ఫైళ్లు అనేవాళ్లు వాటిని. విండోస్ 95లో ఎవరు ఎక్కడ రాసినా అడ్డుకునే ఏర్పాటే లేదు. విండోస్ ఎక్స్‌పీ వచ్చాక ఏర్పాటు ఉంది కానీ, ఇళ్లలో అందరూ అడ్మినిస్ట్రేటర్ హోదాలోనే తిరిగేవాళ్లు. అంటే ప్రతివాడి చేతిలోనూ వార్డెన్ తాళంచెవి ఉండేది. అలా ఏళ్ల తరబడి సాగింది. ఆ అలవాటుతో రాసిన ప్రోగ్రామ్‌లు మన ఆఫీసుల్లో ఇప్పటికీ ఉన్నాయి. కొత్తగా అమ్ముతున్నవాటిలోనూ కొన్ని ఉన్నాయి.

సరే, ఇక్కడి నుంచి ఆచరణలోకి వద్దాం.

మొట్టమొదట ఎదురయ్యే చిక్కు చూడండి. సర్వర్‌లో ప్రోగ్రామ్ పెట్టినవాడు అడ్మినిస్ట్రేటర్. అతనికి చక్కగా తెరుచుకుంటుంది. తర్వాత గుమస్తా లాగిన్ అయి తెరుస్తాడు. అర్థంకాని ఎర్రర్ వస్తుంది. లేదా తెరుచుకుంటుంది, కానీ సేవ్ కాదు. ఎందుకంటే ఆ ప్రోగ్రామ్ తన సెట్టింగుల్ని ప్రోగ్రామ్ ఫైల్స్ అనే ఫోల్డర్లో రాసుకోవాలని చూస్తుంది. అది మెస్ స్టోరు. మామూలు యూజర్‌కి అక్కడ చూసే హక్కు ఉంటుంది, రాసే హక్కు ఉండదు.

అప్పుడు కంపెనీకి ఫోన్ చేస్తారు. అవతలి నుంచి వచ్చే సలహా మీరూ వినే ఉంటారు. "అందరికీ అడ్మిన్ రైట్స్ ఇచ్చెయ్యండి సార్, అదే పనిచేస్తుంది." పనిచేస్తుంది, నిజమే. కానీ ఈ రంగంలో ఇంతకంటే సోమరి సలహా నేను ఎరగను. పదిమందికీ వార్డెన్ తాళంచెవి చేతికిచ్చినట్టే. సొంత కంప్యూటర్లో మీరు పొరపాటున ఒక వైరస్ ఫైలు నొక్కితే మీ కంప్యూటరే పోతుంది. సర్వర్‌లో అడ్మిన్ హోదాలో నొక్కితే పదిమంది పనీ పోతుంది, బ్యాకప్ కూడా ఆ సర్వర్‌కే తగిలించి ఉంటే దానితో పాటే పోతుంది. ఫైళ్లకు తాళం వేసి డబ్బు గుంజే వైరస్‌లకు ఇంతకంటే సుఖమైన చోటు ఉండదు.

మరి ఏం చెయ్యాలి? ఆ ప్రోగ్రామ్ ఏ ఫైలులో రాయాలని చూస్తోందో పట్టుకోవాలి. దీనికి ప్రాసెస్ మానిటర్ అని ఒక పనిముట్టు ఉంది. మైక్రోసాఫ్ట్ ఉచితంగానే ఇస్తుంది. ప్రోగ్రామ్ ఏ ఫైలు తలుపు తట్టిందో, ఏ తలుపు తెరుచుకుందో, ఏది తెరుచుకోలేదో అది వరసగా చూపిస్తుంది. వేల వరసలు కదులుతుంటాయి, భయపడకండి. ఫలితం దగ్గర "యాక్సెస్ డినైడ్" అని ఉన్నవి మాత్రమే చూపించమని చెప్పండి. వేల వరసలు కాస్తా పది, పదిహేనుకి దిగుతాయి. మామూలు యూజర్‌గా ప్రోగ్రామ్ తెరిచి, అది అలిగిన చోట ఆగి, ఆ వరసలు చదవండి. ఫలానా ఫోల్డర్లో ఫలానా ఫైలు అని పేరుతో సహా దొరుకుతుంది.

పేరు దొరికాక ఆ ఒక్క ఫైలుకి, లేదా డేటా ఉన్న ఆ ఒక్క ఫోల్డరుకి మాత్రమే రాసే హక్కు ఇవ్వండి. మొత్తం ప్రోగ్రామ్ ఫోల్డరుకి ఇవ్వకండి. అసలు ప్రోగ్రామ్ ఫైలు ఉన్నచోట అందరికీ రాసే హక్కు ఇస్తే, దాని స్థానంలో ఎవరైనా ఇంకో ఫైలు పెట్టొచ్చు. అప్పుడు మిగతా తొమ్మిదిమందీ తెలియకుండానే దాన్ని నడుపుతారు.

ఇంతటితో సగం పనే అయింది. ఎర్రర్ పోయింది, కానీ కిటికీ గట్టు మీది దువ్వెన ఇంకా గట్టు మీదే ఉంది. సెట్టింగుల ఫైలు ఒక్కటే. దాంట్లో అందరూ రాస్తున్నారు. లక్ష్మిగారు ఒక క్లయింటు ఖాతా తెరిచి మూస్తారు. తర్వాత రాజుగారు తెరిస్తే అదే ఖాతా ముందుకొస్తుంది. ఆయన చూసుకోకుండా అందులో ఎంట్రీ వేసేస్తారు. పొద్దున పెట్టిన ప్రింటర్ మధ్యాహ్నానికి మారిపోవడం కూడా ఇదే. ఎవరూ కావాలని మార్చలేదు. పదిమంది కలిసి ఒకే దువ్వెన వాడుతున్నారు, అంతే.

కాబట్టి మళ్లీ అదే మాట. అందరివీ అందరి చోట, ఎవరివి వాళ్ల పెట్టెలో. ఖాతాల డేటా అందరిదీ. దాన్ని ఉమ్మడి ఫోల్డర్లో పెట్టాలి. ఏ ప్రింటర్, ఏ అక్షరం సైజు, చివరగా తెరిచిన ఫైలేది, ఇవన్నీ మనిషివి. వీటిని ఆ మనిషి ప్రొఫైల్లోకి, అంటే సర్వర్‌లో ఆ మనిషికున్న సొంత ఫోల్డర్లోకి పంపాలి. కొన్ని ప్రోగ్రామ్‌లలో సెట్టింగుల ఫైలు ఎక్కడుండాలో చెప్పే వీలుంటుంది. షార్ట్‌కట్‌లోనే ఆ దారి రాసి ఇవ్వొచ్చు. అలా వీలున్నప్పుడు ఒక్కొక్కరికీ ఒక్కో కాపీ ఇచ్చెయ్యండి. కథ అక్కడితో తేలిపోతుంది.

వీలు లేనప్పుడో? అక్కడే విండోస్ ఒక చమత్కారం చేస్తుంది. దాని పుట్టుక కాస్త చెప్పుకోవాలి. ఎడ్ యాకోబూచి అని ఐబీఎంలో పనిచేసిన ఇంజనీరు ఒకాయన 1989లో సిట్రిక్స్ అనే కంపెనీ పెట్టాడు. పదిమంది ఒకే పీసీ యంత్రాన్ని పంచుకునేలా చెయ్యాలన్నది ఆయన పట్టుదల. 1995లో వాళ్లు విండోస్ ఎన్‌టీ మీద విన్‌ఫ్రేమ్ అనేది తెచ్చారు. ఆ విద్యనే మైక్రోసాఫ్ట్ లైసెన్సు తీసుకుని 1998లో విండోస్ ఎన్‌టీ 4 టెర్మినల్ సర్వర్ ఎడిషన్‌గా విడుదల చేసింది. ఇవాళ మనం రిమోట్ డెస్క్‌టాప్ సర్వీసెస్ అంటున్నది దాని వారసుడే.

వాళ్ల ముందున్న చిక్కూ మన చిక్కే. లోకంలో ఉన్న ప్రోగ్రామ్‌లన్నీ ఒంటరిగా పెరిగినవి. వాటిని తిరగరాయించడం కుదిరే పని కాదు. అందుకని విండోసే వాటికి చిన్న చిన్న అబద్ధాలు చెప్పడం మొదలుపెట్టింది. పాత ప్రోగ్రామ్ ఒకటి "విండోస్ ఫోల్డర్ ఎక్కడ?" అని అడుగుతుంది. సర్వర్ అసలు ఫోల్డర్ చూపించదు. ఆ మనిషి సొంత చోటులో విండోస్ అనే పేరుతో ఒక ఉత్తుత్తి ఫోల్డర్ పెట్టి, "ఇదిగో, ఇదే" అంటుంది. ప్రోగ్రామ్ నమ్మేస్తుంది. దువ్వెన గట్టు మీదే పెట్టాననుకుని తన పెట్టెలోనే పెడుతుంది! సర్వర్‌లో ఎవరి ఫోల్డరైనా తెరిచి చూసినప్పుడు అందులో విండోస్ అని ఖాళీ ఫోల్డరు కనిపిస్తే, అదేమిటో ఇప్పుడు మీకు తెలుసు. తీసెయ్యకండి. 2007లో విండోస్ విస్టా జనంలోకి వచ్చినప్పుడు, ఇలాంటి అబద్ధమే వర్చువల్ స్టోర్ పేరుతో మామూలు కంప్యూటర్లలోకీ వచ్చింది.

అయితే ఈ చమత్కారం సరిగ్గా పనిచెయ్యాలంటే మీరు ఒక జాగ్రత్త తీసుకోవాలి. చాలామంది తెలియక వదిలేసేది ఇదే. సర్వర్‌లో ప్రోగ్రామ్‌ని ఊరికే డబుల్ క్లిక్ చేసి ఇన్‌స్టాల్ చెయ్యకూడదు. "నేనిప్పుడు అందరి కోసం ఇన్‌స్టాల్ చేస్తున్నాను" అని సర్వర్‌కి ముందే చెప్పాలి. కమాండ్ విండో తెరిచి ఇలా కొట్టాలి: చేంజ్ యూజర్, ఒక ఖాళీ, స్లాష్ ఇన్‌స్టాల్. మళ్లీ చెబుతున్నాను. చేంజ్ యూజర్ స్లాష్ ఇన్‌స్టాల్. అప్పుడు ప్రోగ్రామ్ పెట్టండి. ఒకసారి తెరిచి, అందరికీ కావలసిన సెట్టింగులు పెట్టి, మూసెయ్యండి. తర్వాత చేంజ్ యూజర్ స్లాష్ ఎగ్జిక్యూట్ అని కొట్టండి. సర్వర్ మామూలు స్థితికి వచ్చేస్తుంది. ఈ రెండో కమాండ్ మరిచిపోవద్దు. కమాండ్లు కొట్టడం ఇబ్బందైతే కంట్రోల్ ప్యానెల్లో కూడా ఇదే పని చేసే ఐకాన్ ఒకటి ఉంటుంది.

ఇలా చేస్తే ఏమవుతుంది? ఇన్‌స్టాల్ అవుతున్నప్పుడు ఆ ప్రోగ్రామ్ ఒక్క మనిషి కోసం రాసుకునే సెట్టింగుల్ని సర్వర్ గమనించి, వాటి నకలు ఒకటి పక్కన దాస్తుంది. తర్వాత కొత్త మనిషి వచ్చినప్పుడల్లా ఆ నకలు తీసి వాళ్ల పెట్టెలో పెడుతుంది. ఇది చెయ్యకపోతే సెట్టింగులన్నీ ఇన్‌స్టాల్ చేసినవాడి పెట్టెలో మాత్రమే పడతాయి. "నాకు పనిచేస్తోంది, ఆయనకే పనిచెయ్యట్లేదు" అన్న ఫిర్యాదు చాలాసార్లు ఇక్కడే పుడుతుంది. ఇప్పటి ఇన్‌స్టాలర్లలో కొన్నిటికి సర్వర్ తనంతట తానే ఈ జాగ్రత్త తీసుకుంటుంది. అయినా మీరు చేసుకుంటే నష్టం లేదు.

ఇప్పుడు మూడో ఫిర్యాదుకి వద్దాం. "ప్రోగ్రామ్ ఇప్పటికే తెరిచి ఉంది" అనేది. కొన్ని ప్రోగ్రామ్‌లు రెండుసార్లు తెరుచుకోవడానికి ఇష్టపడవు. అందుకని తెరవగానే ఎక్కడో ఒక గుర్తు పెట్టుకుంటాయి. ఆ గుర్తు సెషన్ లోపల పెడితే గొడవ లేదు. ఉమ్మడి చోట ఒక ఫైలుగా పెడితే, లేదా యంత్రంలో ఒక నిర్ణీత పోర్ట్ నంబరు పట్టుకుని కూర్చుంటే, రెండో మనిషికి చోటు ఉండదు. గుర్తు ఫైలు రూపంలో ఉంటే దాన్ని మనిషి పెట్టెలోకి మళ్లించొచ్చు. పోర్ట్ నంబరైతే ప్రోగ్రామ్ సెట్టింగుల్లో ఒక్కొక్కరికి ఒక్కో నంబరు ఇచ్చే వీలుందేమో చూడాలి. అదీ లేకపోతే ఆ ప్రోగ్రామ్ సర్వర్‌కి పనికిరాదు. దాన్ని ఎవరో ఒకరి సొంత కంప్యూటర్లో ఉంచెయ్యడమే మేలు. అన్నిటినీ సర్వర్ మీదికి ఎక్కించాలన్న పంతం ఎందుకు చెప్పండి? పాత డాస్ ప్రోగ్రామ్‌లూ అంతే. ఇప్పటి 64 బిట్ విండోస్ సర్వర్లలో అవి అసలు నడవవు.

ఇదే ఫిర్యాదుకి ఇంకో కారణం కూడా ఉంటుంది. అది సాఫ్ట్‌వేర్ తప్పు కాదు, మనదే. సాయంత్రం వెళ్లేటప్పుడు చాలామంది రిమోట్ విండో మూలనున్న ఇంటూ గుర్తు నొక్కి వెళ్లిపోతారు. పని ముగిసిందనుకుంటారు. కానీ అది డిస్‌కనెక్ట్ మాత్రమే. తెర పోయింది, సర్వర్‌లో మీ సెషన్ అలాగే ఉంది. మీరు తెరిచిన ప్రోగ్రామ్ తెరిచే ఉంది, ఫైలు పట్టుకునే ఉంది, మెమరీ తింటూనే ఉంది. పొద్దున్నే ఇంకొకరు ఆ ఫైలు తెరవబోతే దొరకదు. వెళ్లేటప్పుడు సైన్ అవుట్ చెయ్యాలి. సైన్ అవుట్. ఈ మాట ఆఫీసు గోడ మీద రాసి పెట్టండి. ఎంత రాసినా మరిచిపోయేవాళ్లు ఉంటారు కాబట్టి, డిస్‌కనెక్ట్ అయిన సెషన్ రెండు మూడు గంటల్లో దానంతట అదే ముగిసేలా సర్వర్‌లో గడువు కూడా పెట్టండి.

ప్రింటర్ సంగతి విడిగా చెప్పాలి. సర్వర్ వాడేవాళ్లని ఇంతగా విసిగించేది ఇంకొకటి లేదు. మీరు లాగిన్ అవగానే మీ బల్ల దగ్గరి ప్రింటర్ కూడా సర్వర్‌లో కనిపిస్తుంది. దాని పేరు పక్కన "రీడైరెక్టెడ్" అని, ఒక అంకె అని ఉంటుంది. ఆ అంకె మీ సెషన్ నంబరు. ఇవాళ మూడు ఉంటుంది. రేపు ఏడు అవుతుంది. ఇప్పుడు మన ఒంటరి ప్రోగ్రామ్ ఏం చేస్తుందంటే, ఇవాళ ప్రింటర్ పూర్తి పేరు, అంకెతో సహా రాసి పెట్టుకుంటుంది. రేపు అదే పేరు కోసం వెతుకుతుంది. దొరకదు. లేదా, ఇది ఇంకా ఘోరం, ఇంకెవరి ప్రింటర్‌కో పంపాలని చూస్తుంది.

దీనికి మందు ఉంది. ఆఫీసులో అందరూ వాడే ప్రింటర్‌ని నేరుగా సర్వర్‌లోనే నెట్‌వర్క్ ప్రింటర్‌గా పెట్టండి. అప్పుడు దాని పేరు ఎప్పటికీ మారదు. ఇంటి నుంచి పనిచేసేవాళ్లకి మటుకు వాళ్ల ఇంటి ప్రింటర్ రావాలి కాబట్టి, ప్రోగ్రామ్‌లో పేరు ఎంచుకోవద్దని చెప్పండి. "డిఫాల్ట్ ప్రింటర్" అని మాత్రమే ఎంచుకోమనండి. ఇక డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ల మీద బిల్లులు కొట్టేవాళ్లు ఒక విషయం గమనించాలి. సర్వర్ నుంచి వచ్చేది అక్షరాలుగా కాక బొమ్మగా వస్తే ఆ ప్రింటర్ నత్తనడక నడుస్తుంది. దాని సొంత డ్రైవర్ని సర్వర్‌లో పెట్టి, టెక్స్ట్‌గా కొట్టేలా చూసుకోవాలి.

డీటీపీ చేసేవాళ్లకు ఫాంట్ల గొడవ దీనికి తోడు. మన దగ్గర ఇప్పటికీ బోలెడు పుస్తకాలు, శుభలేఖలు పాత పద్ధతి తెలుగు ఫాంట్లలోనే ఉన్నాయి. ఆ ఫాంట్ లేకపోతే పేజీ నిండా ఇంగ్లీషు అక్షరాలు, పిచ్చి గుర్తులు కనిపిస్తాయి. 2018 చివర్లో వచ్చిన విండోస్ 10 వెర్షన్ నుంచి మామూలు యూజర్ కూడా ఫాంట్ ఇన్‌స్టాల్ చేసుకోవచ్చు. సదుపాయమే. కానీ అది ఆ మనిషి పెట్టెలోకి మాత్రమే వెళ్తుంది. ఒకరు పేజీ చక్కగా దిద్ది పెడతారు. ప్రూఫులు చూసేవారు అదే సర్వర్‌లో, అదే ఫైలు తెరుస్తారు. తెలుగు ముక్క కనబడదు. "ఫైలు పాడైపోయింది" అని గాభరా పడతారు. ఫైలుకి ఏమీ కాలేదు. గుండిగ ఎవరి పెట్టెలోనో ఉండిపోయింది, అంతే. ఫాంట్ మీద కుడి బటన్ నొక్కితే "అందరు యూజర్ల కోసం ఇన్‌స్టాల్" అని అర్థం వచ్చే వరస ఉంటుంది. అడ్మినిస్ట్రేటర్ దాన్ని వాడాలి.

చూశారా, ఇక్కడ చిక్కు తిరగబడింది. ఇంతసేపూ మనిషి వస్తువు ఉమ్మడి చోట పడిందని మాట్లాడుకున్నాం. ఇప్పుడు ఉమ్మడి వస్తువు మనిషి పెట్టెలో పడింది. ఈ రెండో రకం ఇవాళ్టి రోజుల్లో ఎక్కువవుతోంది. అడ్మిన్ హక్కు లేకపోయినా ఇన్‌స్టాల్ అయిపోవాలని, కొన్ని బ్రౌజర్లు, మీటింగ్ సాఫ్ట్‌వేర్లు తమ మొత్తం సరంజామాని ఆ యూజర్ ప్రొఫైల్లోనే దించుకుంటాయి. సొంత కంప్యూటర్లో అయితే ఎవరికీ పట్టదు. సర్వర్‌లో ఇరవైమంది ఉంటే ఇరవై కాపీలు. ఇరవై సార్లు అప్‌డేట్. ప్రతి కుర్రాడూ మెస్ గుండిగని పెట్టెలో పెట్టుకు తిరుగుతున్నట్టు. ఇలాంటి వాటికి మెషీన్ మొత్తానికి ఒకేసారి పెట్టే ఇన్‌స్టాలర్ వేరుగా ఉంటుంది. సంస్థల కోసం ఇచ్చే ఎంఎస్ఐ ఫైలు అని వెతకండి, దొరుకుతుంది.

ఎంఎస్ యాక్సెస్‌లో చేయించుకున్న ప్రోగ్రామ్‌లు వాడేవాళ్లకి ఒక్క మాట. ఫారాలు, రిపోర్టులు ఉన్న ఫైలు వేరు, డేటా ఉన్న ఫైలు వేరు చేయించుకోండి. మొదటిది ఒక్కొక్కరికీ ఒక్కో కాపీ. రెండోది అందరికీ ఒక్కటే.

ఒకే యంత్రాన్ని చాలామంది పంచుకోవడం మన దగ్గర పెద్ద ఎత్తునే జరిగింది. 2008 ప్రాంతంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎన్‌కంప్యూటింగ్ అనే కంపెనీ పరికరాలతో దాదాపు 5,000 ఉన్నత పాఠశాలల్లో 50,000 సీట్లు పెట్టే కార్యక్రమం చేపట్టింది. ఒక్కో సీపీయూకి చాలా మానిటర్లు, కీబోర్డులు తగిలించి పిల్లలంతా పంచుకునే పద్ధతి అది. ఈ ప్రసంగం వింటున్నవాళ్లలో అలాంటి ల్యాబులో కంప్యూటర్ నేర్చుకున్నవాళ్లు తప్పకుండా ఉండి ఉంటారు.

ఇక కాగితాల సంగతి. చాలామంది దీన్ని చివరికి వదిలేస్తారు. విండోస్ సర్వర్ కొంటే దాని నిర్వహణ కోసం ఇద్దరు మాత్రమే దూరం నుంచి లాగిన్ అవ్వొచ్చు. మిగతావాళ్లు పని చేసుకోవాలంటే మనిషికో, పరికరానికో చొప్పున విడి లైసెన్సు కొనాలి. ఇక్కడ ఒక ఉచ్చు ఉంది. లైసెన్సు పెట్టకపోయినా మొదటి 120 రోజులు సర్వర్ ఏమీ అనదు. అందరూ హాయిగా లాగిన్ అవుతుంటారు. నాలుగు నెలలు గడిచి, పెట్టినవాడు ఇంకో ఊరికి వెళ్లిపోయాక, ఒక పొద్దున ఎవరినీ లోపలికి రానివ్వదు. అది సాధారణంగా రిటర్నులు వేసే ఆఖరి రోజే అవుతుంది! కాబట్టి సర్వర్ పెట్టిన రోజే ఈ ప్రశ్న అడగండి. అలాగే మీరు వాడే సాఫ్ట్‌వేర్ ఒక్క యూజర్ లైసెన్సా, చాలామందికా అని కూడా. ఒక్క యూజర్‌కి కొన్నదాన్ని సర్వర్ మీద పెట్టి పదిమంది వాడితే, అది నడిచినా ఒప్పందానికి విరుద్ధమే కావచ్చు. మామూలు డెస్క్‌టాప్ విండోస్‌లోనే ఏదో ప్యాచ్ వేసి పదిమందిని ఎక్కిస్తామనేవాళ్లు కూడా మీ దగ్గరికి వస్తారు. వాళ్లని మర్యాదగా సాగనంపండి.

కొత్త సాఫ్ట్‌వేర్ కొనేముందు అమ్మేవాళ్లని మూడే మాటలు అడగండి. మామూలు యూజర్‌గా నడుస్తుందా? ఒక్కొక్కరి సెట్టింగులు ఎక్కడ దాస్తుంది? ఒకే సర్వర్‌లో ఇద్దరు ఒకేసారి తెరవొచ్చా? జవాబు తడుముకుంటే డెమో మీ సర్వర్‌లోనే చూపించమనండి.

పరీక్ష కూడా సులువే. అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి చూసి బాగుందనుకోవద్దు. ఏ హక్కులూ లేని రెండు మామూలు యూజర్ పేర్లు సృష్టించండి. పక్కపక్కన ఇద్దర్ని కూర్చోబెట్టండి. ఇద్దరూ ఒకేసారి ప్రోగ్రామ్ తెరవాలి. ఒకరు అక్షరాల సైజు మార్చాలి, రెండోవారి తెరలో మారకూడదు. ఇద్దరూ ఒకే నిమిషంలో ప్రింటు కొట్టాలి, ఎవరి కాగితం వాళ్ల ప్రింటర్‌లో రావాలి. తర్వాత ఇద్దరూ సైన్ అవుట్ చేసి, సీట్లు మార్చుకుని మళ్లీ లాగిన్ అవ్వాలి. ఎవరి సెట్టింగులు వాళ్లకి వచ్చాయా? అయితే మిగతా ఎనిమిదిమందినీ పిలవండి.